సమీప గెలాక్సీ సమూహాల్లో మసక మరుగుజ్జు గెలాక్సీలు

మరుగుజ్జు గెలాక్సీలు పాలపుంతతో పోలిస్తే చాలా చిన్నవి, చాలా మసకగా ఉండే నక్షత్ర వ్యవస్థలు. పాలపుంతలో పదివేల కోట్లకు పైగా నక్షత్రాలు ఉంటాయని అంచనా. మరుగుజ్జుల్లో పెద్దవాటిలో కొన్ని వందల కోట్లు ఉంటే, అతిమసకవాటిలో కొన్ని వేలు, ఒక్కోసారి కొన్ని వందలు మాత్రమే ఉంటాయి. విశ్వంలోని గెలాక్సీల్లో సంఖ్యాపరంగా ఇవే అత్యధికం. అయినా మన ఇరుగుపొరుగున ఉన్నవాటి జాబితా కూడా ఇంకా పూర్తి కాలేదు. పాలపుంత, ఆండ్రోమెడా ఉన్న స్థానిక సమూహం మొదలుకొని, సుమారు 65 లక్షల నుంచి 3.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరాల్లో ఉన్న స్కల్ప్టర్, ఎం81, సెంటారస్-ఏ, ఎం101, ఎం96 సమూహాల దాకా ఈ అన్వేషణ సాగుతోంది.

ఈ పనిలో రెండు దశలున్నాయి. చిత్రంలో ఒక మసక మచ్చను పట్టుకోవడం మొదటిది. ఆ మచ్చ నిజంగా ఆ సమూహానికే చెందుతుందని దూరం కొలిచి నిరూపించడం రెండోది. పేరు ఎక్కువగా మొదటిదానికే వస్తుంది. కానీ గత యాభై ఏళ్ల చరిత్రను చూస్తే, సభ్యుల జాబితాలను నిలబెట్టిందీ కూల్చిందీ రెండోదే. అందుకే ఈ వ్యాసం కనిపెట్టడం కంటే నిర్ధారణ మీదే ఎక్కువసేపు నిలుస్తుంది.

రోలుగుంట మీది ఆకాశం

ఈ సమూహాలు మన నేల నుంచి ఎలా కనిపిస్తాయో చూద్దాం. ఉదాహరణకు, అనకాపల్లి జిల్లాలోని రోలుగుంట సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఈ అక్షాంశానికి ఒక అదృష్టం ఉంది. ప్రధాన సమీప సమూహాలన్నీ, ఉత్తరానివైనా దక్షిణానివైనా, ఏడాదిలో ఏదో ఒక వేళ ఇక్కడి దిగంతం పైకి వస్తాయి. చైత్రమాసపు రాత్రి సప్తర్షి మండలం వైపు తిరిగి నిలబడితే ఎం81 సమూహం ఉత్తరాన దాదాపు 39 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. వైశాఖ జ్యేష్ఠాల్లో సెంటారస్-ఏ దక్షిణాన 29 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. కార్తికంలో ఆండ్రోమెడా ఉత్తరపు వైపు 66 డిగ్రీల మీద, స్కల్ప్టర్ సమూహంలోని పెద్ద గెలాక్సీ ఎన్‌జీసీ 253 దక్షిణపు వైపు 47 డిగ్రీల మీద ఒకే వేళకు మధ్యాహ్నరేఖను దాటుతాయి. మరుగుజ్జుల్లో పెద్దదైన పెద్ద మెగెల్లానిక్ మేఘం మాత్రం దక్షిణ దిగంతానికి రెండున్నర డిగ్రీలు మించి లేవదు. చిన్న మెగెల్లానిక్ మేఘం అసలు ఉదయించదు.

చిలీలోని పెద్ద టెలిస్కోపులకు ఎం81 ఎన్నడూ కనిపించదు. ఐరోపాలోని వేధశాలలకు సెంటారస్-ఏ దాదాపుగా అందదు. రెండూ అందే చోటు హవాయి దీవిలోని మౌనా కియా. దాని అక్షాంశం దాదాపు 20 డిగ్రీలు. అంటే ఈ రంగంలో అత్యంత విలువైన పరిశీలనలు చేసిన సుబారు టెలిస్కోపు, కెనడా-ఫ్రాన్స్-హవాయి టెలిస్కోపు చూసే ఆకాశానికీ రోలుగుంట ఆకాశానికీ తేడా రెండు డిగ్రీలే. తక్కిన తేడా అంతా ఎత్తులో, గాలిలో, అద్దాల్లో ఉంది: మౌనా కియా శిఖరం సముద్రమట్టానికి 4,200 మీటర్ల పైన, మబ్బుల పొరను దాటి ఉంటుంది.

మఖ నక్షత్రాన్ని పోల్చగలవారికి ఇంకో సంగతి. ఆ నక్షత్రానికి చంద్రబింబపు వెడల్పు కూడా లేని ఎడంలో లియో-1 అనే మరుగుజ్జు గెలాక్సీ ఉంది. మఖ మనకు 79 కాంతి సంవత్సరాల దూరంలో ఉంటే, లియో-1 దూరం ఎనిమిది లక్షల కాంతి సంవత్సరాలకు పైనే. మఖ వెలుగు ఫొటోగ్రాఫిక్ పలకల మీద పరుచుకోవడం వల్ల 1950 దాకా అది ఎవరి కంటా పడలేదు. పాలొమార్ సర్వే పలకల్లో హారింగ్టన్, విల్సన్ దాన్ని పట్టుకున్నారు.

ఆకాశం కంటే మసక

మరుగుజ్జు గెలాక్సీని చూడటంలో అసలు చిక్కు దాని దూరం కాదు, అది పలచగా పరుచుకొని ఉండటం. నక్షత్రం ఒక చుక్క కాబట్టి ఎంత చిన్నదైనా దాని కాంతి ఒకేచోట పడుతుంది. గెలాక్సీ కాంతి విస్తారమైన వైశాల్యంలో పంచుకుపోతుంది. దీన్ని కొలవడానికి ఒక చదరపు ఆర్క్ సెకను ఆకాశంలో ఎంత వెలుగుందో చూస్తారు. దాన్ని ఉపరితల ప్రకాశం అంటారు. మాగ్నిట్యూడ్ లెక్కలో అంకె పెరిగేకొద్దీ మసక పెరుగుతుంది. అయిదు మాగ్నిట్యూడ్ల తేడా అంటే నూరు రెట్లు.

దీపాలు లేని అమావాస్య రాత్రి కూడా ఆకాశం పూర్తిగా నల్లగా ఉండదు. పైవాతావరణంలోని అణువులు స్వయంగా వెలువరించే కాంతి, గ్రహాల మధ్య ధూళి మీద పడి చెదిరే సూర్యకాంతి కలిసి దానికి చదరపు ఆర్క్ సెకనుకు సుమారు 22 మాగ్నిట్యూడ్ల వెలుగునిస్తాయి. సమీప సమూహాల్లోని మసక మరుగుజ్జుల మధ్యభాగం 25 నుంచి 28 వరకు ఉంటుంది. అంటే 27 మాగ్నిట్యూడ్ల గెలాక్సీ తన ముందున్న ఆకాశం కంటే నూరు రెట్లు మసక. పండు వెన్నెట్లో మిణుగురును వెతకడం వంటిదే ఇది. 2018లో గయా ఉపగ్రహ సమాచారంలో బయటపడ్డ ఆంట్లియా-2 ఉపరితల ప్రకాశం 32 మాగ్నిట్యూడ్ల దగ్గర ఉంది. చీకటి ఆకాశం కంటే పదివేల రెట్లు మసక. పరిమాణంలో మాత్రం అది పెద్ద మెగెల్లానిక్ మేఘమంత ఉంటుంది. అంత పెద్దది అంతకాలం కనబడకపోవడాన్ని చూస్తే, ఇంకా కంటబడనివి ఎలాంటివో ఊహించవచ్చు.

అద్దం పెద్దదైతే చాలదు. అద్దం పెరిగితే గెలాక్సీ కాంతితో పాటు ఆకాశపు వెలుగూ అంతే పెరుగుతుంది. కావలసింది రెండింటి మధ్య ఉన్న ఆ కొద్ది తేడాను చెడగొట్టని పరికరం. కటకాల్లో లోపలి ప్రతిబింబాలు, సమీప నక్షత్రాల చుట్టూ ఏర్పడే వలయాలు, కెమెరా చిప్పులోని ఎగుడుదిగుడులు, వీటిలో ఏ ఒక్కటి అరశాతం తప్పినా మరుగుజ్జు ఆ తప్పులో మునిగిపోతుంది. పీటర్ వాన్ డోకమ్, రాబర్టో ఏబ్రహామ్ నిర్మించిన డ్రాగన్‌ఫ్లై ఈ కారణంగానే పెద్ద అద్దాన్ని పక్కనబెట్టి, మార్కెట్లో దొరికే కెనాన్ 400 మిల్లీమీటర్ల టెలిఫొటో లెన్సులను గుత్తిగా కట్టి వాడింది. కాంతిని చెదరగొట్టని పూత ఆ లెన్సుల సుగుణం.

గాజు పలకల కాలం

తెలుగు నేల మీద దూరదర్శిని పరిశీలనలకు పాత చరిత్రే ఉంది. విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో గోడె వెంకట జగ్గారావు 1840లో సొంత ఖర్చుతో వేధశాల పెట్టారు. ఆయన తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపి 1868 సంపూర్ణ సూర్యగ్రహణాన్నీ 1874 శుక్ర సంక్రమణాన్నీ పరిశీలించారు. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించిన నిజామియా వేధశాల, ఆకాశం మొత్తాన్ని ఫొటో తీసి నక్షత్రాల పట్టిక తయారుచేసే అంతర్జాతీయ పథకంలో పాల్గొంది. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ దాని వంతుకు వచ్చింది. తరువాత ఉత్తరాన ఇంకో పట్టీని కూడా చేపట్టింది. మొత్తం ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచింది. ఆ పలకల్లో నమోదైనవి పదకొండు, పన్నెండు మాగ్నిట్యూడ్ల దాకా ఉన్న నక్షత్రాలు. మెగెల్లానిక్ మేఘాలను వదిలేస్తే, పాలపుంత చుట్టూ తిరిగే అనుచర గెలాక్సీల్లో చాలావాటిలో అత్యంత ప్రకాశవంతమైన నక్షత్రాలు 17 మాగ్నిట్యూడ్ల దరిదాపున లేదా అంతకంటే మసకగా ఉంటాయి. కాబట్టి ఎంత శ్రద్ధగా కొలిచినా మరుగుజ్జులు ఆ పలకలకు అందేవి కావు.

అందే పలకలు దక్షిణాఫ్రికాలో ఉన్న హార్వర్డ్ వేధశాల శాఖలో తయారయ్యాయి. 1938లో హార్లో షాప్లీ శిల్పి (స్కల్ప్టర్) రాశిలోనూ, ఫోర్నాక్స్ రాశిలోనూ చుక్కలు పలచగా చల్లినట్టున్న రెండు వ్యవస్థలను ప్రకటించాడు. నడిమి కేంద్రకం లేదు, సర్పిలాకారం లేదు, వాయువు లేదు. అప్పటికి తెలిసిన ఏ గెలాక్సీ రకానికీ అవి సరిపోలేదు. 1950ల్లో పాలొమార్ పలకలు లియో, డ్రాకో, లఘు సప్తర్షి మరుగుజ్జులను చేర్చాయి. సిడ్నీ వాన్ డెన్ బెర్గ్ అవే పలకలను వెతికి 1959లో డీడీఓ పట్టికను, 1968లో వాలెంటీనా కరచెంత్సేవా మరో పట్టికను ఇచ్చారు. ఈ రోజుకీ వ్యాసాల్లో కనిపించే డీడీఓ, కేడీజీ అనే పేర్లు ఆ పట్టికలవే. కంప్యూటర్ లేని రోజుల్లో, భూతద్దం పట్టుకొని వందలాది గాజు పలకలను కంటితో జల్లెడ పట్టిన మనుషుల శ్రమ అది. దాని విలువ ఇప్పటికీ తగ్గలేదు.

కాంతిని వదిలి నక్షత్రాలను లెక్కించడం

పాలపుంత అనుచరుల్లో మసకవి మచ్చలుగా కూడా కనబడవు. వాటి నక్షత్రాలు ఒక్కొక్కటిగా మన గెలాక్సీ నక్షత్రాల్లో కలిసిపోయి ఉంటాయి. వాటిని వేరుచేయడానికి రంగునూ ప్రకాశాన్నీ కలిపి గీసే పటం వాడతారు. ఒకే దూరంలో, దాదాపు ఒకే వయసులో ఉన్న ముసలి నక్షత్రాలు ఆ పటంలో ఒక సన్నని వంపు మీద పడతాయి. ఫలానా దూరానికి ఆ వంపు ఎక్కడుండాలో లెక్కగట్టి, దానిమీద పడే నక్షత్రాలనే ఉంచి మిగతావాటిని తీసేస్తే, ఆకాశంలో ఎక్కడైనా గుంపు మిగులుతుందా అని చూడవచ్చు. దూరాన్ని మారుస్తూ ఇదే పనిని మళ్లీ మళ్లీ చేస్తారు.

స్లోన్ డిజిటల్ సర్వే సమాచారం మీద ఈ పద్ధతిని ప్రయోగించగా 2005 నుంచి కొద్ది ఏళ్లలోనే పాలపుంత అనుచరుల సంఖ్య రెట్టింపయింది. 2007లో దొరికిన సెగ్యూ-1 మొత్తం కాంతి కొన్ని వందల సూర్యులది మాత్రమే. ఒక్క ఎర్ర మహాతార అంత వెలుగునివ్వగలదు. 2015లో చిలీ నుంచి డార్క్ ఎనర్జీ సర్వే చిత్రాలు విడుదలవగానే రెండు బృందాలు వేరువేరుగా వెతికి, ఒకే సమయంలో ఎనిమిది, తొమ్మిది కొత్త వ్యవస్థలను ప్రకటించాయి. ఆండ్రోమెడా చుట్టూ పాండాస్ అనే సర్వే ఇదే చేసి అక్కడి అనుచరుల సంఖ్యను ముప్ఫైకి చేర్చింది.

ఎం81 సమూహం

స్థానిక సమూహం దాటితే పని స్వభావం మారుతుంది. ఎం81 దాదాపు 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అక్కడి ఎర్ర మహాతారల్లో కాంతివంతమైనవి మనకు 24 మాగ్నిట్యూడ్ల దగ్గర కనిపిస్తాయి. కంటికి ఆనే కడపటి నక్షత్రం కంటే అవి సుమారు కోటిన్నర రెట్లు మసక. నేలమీది మంచి టెలిస్కోపుకు ఆ పైవరస నక్షత్రాలు కొన్ని విడివిడిగా అందుతాయి, మిగిలినవి కలిసి మసకగా కనిపిస్తాయి.

ఎం81, ఎం82, ఎన్‌జీసీ 3077 అనే మూడు పెద్ద గెలాక్సీలు ఒకదానినొకటి లాగుకుంటున్న ఈ సమూహాన్ని క్రిస్టిన్ చిబూకాస్, ఇగోర్ కరచెంత్సెవ్, బ్రెంట్ టల్లీ కెనడా-ఫ్రాన్స్-హవాయి టెలిస్కోపుతో 65 చదరపు డిగ్రీల మేర జల్లెడ పట్టారు. చంద్రబింబం ఆక్రమించే వైశాల్యం ఒక చదరపు డిగ్రీలో అయిదో వంతు కాబట్టి, ఇది మూడు వందలకు పైగా చంద్రబింబాల వైశాల్యం. 2009లో వారు 22 కొత్త అభ్యర్థులను ప్రకటించారు. అభ్యర్థులు అన్న మాట కావాలనే వాడారు. అప్పటికి వాటి దూరం తెలియదు.

దూరం కొలవడానికి హబుల్ టెలిస్కోపును అడిగారు. ఆ కొలతలోని భౌతికశాస్త్రం అందమైనది. సూర్యుడి వంటి నక్షత్రం ముసలిదై ఎర్ర మహాతారగా ఉబ్బేటప్పుడు దాని నడిమధ్యన హీలియం గడ్డ పేరుకుంటూ ఉంటుంది. అది సూర్యుడి ద్రవ్యరాశిలో సగానికి కొంచెం తక్కువకు చేరి, ఉష్ణోగ్రత పదికోట్ల డిగ్రీలకు పెరిగినప్పుడు హీలియం ఒక్కసారిగా మండుతుంది. నక్షత్రం అక్కడితో ఎదగడం ఆపి, ప్రకాశం తగ్గి దిగిపోతుంది. ఈ హద్దు నక్షత్రం మొదట ఎంత బరువుదన్న దానిమీద పెద్దగా ఆధారపడదు. కాబట్టి ముసలి నక్షత్రాలున్న ఏ గెలాక్సీలోనైనా ఎర్ర మహాతారల వరస ఒకే నిజ ప్రకాశం దగ్గర ఆగిపోతుంది. ఆ కొస మనకు ఎంత మసకగా కనిపిస్తుందో కొలిస్తే దూరం తెలుస్తుంది. మరుగుజ్జుల్లో మెగెల్లానిక్ మేఘాల్లో లాగా సెఫీడ్ చరతారలు ఉండకపోవచ్చు, కానీ ముసలి నక్షత్రాలు లేని మరుగుజ్జు దాదాపు ఉండదు. ఈ రంగం ఈ కొలబద్ద మీద నిలబడి ఉందంటే అతిశయోక్తి కాదు.

హబుల్ చిత్రాల తరువాత, 2013లో వెలువడిన ఫలితం ఇది: 22 అభ్యర్థుల్లో 14 మరుగుజ్జులు నిజంగా ఎం81 సమూహ సభ్యులు. దానితో ఆ ప్రాంతంలో తెలిసిన సభ్యుల సంఖ్య 36కు చేరింది. వాటిలో ఒకటి కేవలం మూడు వందల కాంతి సంవత్సరాల పాటి వ్యాసార్థంతో, అంతవరకు పాలపుంత చుట్టూ మాత్రమే చూసిన అతిమసక జాతిని పోలి ఉంది. మూడింట ఒక వంతు అభ్యర్థులు నిలవలేదన్న సంగతి కూడా అంతే ముఖ్యం. నిలవని వాటిని ప్రకటించడం ఆ వ్యాసం నిజాయితీ.

ఈ సమూహంలోనే మరో చిక్కు ఉంది. మూడు పెద్ద గెలాక్సీల లాగులాటలో హైడ్రోజన్ వాయువు వంతెనల్లా బయటికి వచ్చింది. ఆ వంతెనల్లో కొత్తగా పుట్టిన నక్షత్రాల ముద్దలు, హోమ్‌బెర్గ్-9 వంటివి, చూడటానికి మరుగుజ్జుల్లాగే ఉంటాయి. దూరం కొలిచినా సమూహంలోనే ఉన్నాయని వస్తుంది. కానీ అవి విశ్వం తొలినాళ్లలో పుట్టినవి కావు, పెద్ద గెలాక్సీల నుంచి చిట్లినవి అయ్యే అవకాశం ఎక్కువ. కనీసం అయిదింటిని అలా అనుమానిస్తున్నారు. వాటిని లెక్కలో కలపాలా వద్దా అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. నా దృష్టిలో విడిగా చూపడమే మేలు, ఎందుకంటే కలిపితే సిద్ధాంతంతో పోల్చే లెక్క పాడవుతుంది.

2022లో ఎరిక్ బెల్ బృందం సుబారు చిత్రాల్లో ఎం81 సమూహపు అతిమసక అభ్యర్థులను మరికొన్నిటిని ప్రకటించింది. అవి ఎం81 చుట్టూ సమంగా కాక ఎన్‌జీసీ 3077 వైపు గుమిగూడినట్టు కనిపించాయి. ఆ గెలాక్సీ తన అనుచరులను వెంటబెట్టుకొని సమూహంలోకి వచ్చిందన్నది వారి వాదం.

మోసం చేసే మచ్చలు

1972లో వాన్ డెన్ బెర్గ్ ఆండ్రోమెడా చుట్టూ ప్రకటించిన మసక వస్తువుల్లో మూడు నిజమైన అనుచరులు. ఆండ్రోమెడా-4 మాత్రం దశాబ్దాల పాటు ప్రశ్నగా మిగిలింది. అది ఆండ్రోమెడా చక్రంలోని ఒక నక్షత్ర గుంపేమో అనుకున్నారు. 2000లో హబుల్ చిత్రాలు అది వెనకెక్కడో ఉందని చూపాయి. 2016లో కరచెంత్సెవ్, జయరామ్ చెంగలూరు బృందం కచ్చితమైన దూరం ఇచ్చింది: సుమారు 2.3 కోట్ల కాంతి సంవత్సరాలు. ఆండ్రోమెడాకు తొమ్మిది రెట్ల దూరంలో, తోడు లేకుండా, వాయువుతో నిండి ఉన్న మరుగుజ్జు అది. నలభై ఏళ్లకు పైగా వేరే ఇంటి పేరుతో బతికింది.

డ్రాగన్‌ఫ్లై 2014లో ఎం101 చుట్టూ ఏడు అభ్యర్థులను చూపింది. హబుల్ కొలతల్లో మూడే నిలిచాయి. మిగిలిన నాలుగు ఇంకా చాలా దూరంలో ఉన్న వేరే సమూహానివి, కాబట్టి అవి మరుగుజ్జులు కాక పెద్ద విస్తృత గెలాక్సీలని తేలింది. ఒకే మచ్చకు దూరం మారితే జాతే మారుతుందని ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ లేదు.

పాలపుంత ధూళి మరో వంచకి. మన గెలాక్సీ నక్షత్రాల కాంతిని చెదరగొట్టే పలుచని ధూళి మేఘాలు అచ్చం మరుగుజ్జుల్లా కనిపిస్తాయి. ఎం81 దిశలో ఇవి చాలా ఎక్కువ. పరారుణ ఉపగ్రహ పటాలతో పోల్చి వాటిని తొలగిస్తారు.

ఖొడద్ యాంటెన్నాలు, శ్రీహరికోట నుంచి వెళ్లిన టెలిస్కోపు

కాంతితో చేసే పనికి రేడియో తరంగాలు మంచి తోడు. తటస్థ హైడ్రోజన్ 21 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే 1,420 మెగాహెర్ట్జ్ దగ్గర సంకేతమిస్తుంది. ఆ సంకేతం ఎంత జరిగిందో చూస్తే గెలాక్సీ వేగం తెలుస్తుంది. వెనకనున్న దూరపు గెలాక్సీ అయితే వేగం ఎక్కువగా ఉండి వెంటనే దొరికిపోతుంది.

పుణె జిల్లా ఖొడద్ దగ్గర 45 మీటర్ల వ్యాసం గల 30 యాంటెన్నాలతో ఉన్న జీఎంఆర్‌టీ ఈ పనిలో ప్రపంచంలో ముందువరసన నిలిచింది. ఆయేషా బేగం, జయరామ్ చెంగలూరు, కరచెంత్సెవ్ తదితరులు 2008లో ఫిగ్స్ అనే సర్వేను ప్రకటించారు. వాయువు సమృద్ధిగా ఉన్న 65 మసక మరుగుజ్జుల హైడ్రోజన్ పటాలను అది చేపట్టింది. వాటి హైడ్రోజన్ మధ్యగత విలువ సూర్యుడికి మూడు కోట్ల రెట్ల ద్రవ్యరాశి పాటిది. అంతకుముందే, 2005లో, ఎన్‌జీసీ 3741 అనే చిన్న గెలాక్సీలో కంటికి కనిపించే నక్షత్రాల అంచుకు ఎనిమిది రెట్లకు పైగా హైడ్రోజన్ చక్రం పరుచుకొని ఉందని ఇదే బృందం చూపింది. అంత దూరం దాకా భ్రమణ వేగాన్ని కొలవగలగడం వల్ల దాని కృష్ణ పదార్థాన్ని అంచనా వేయడానికి వీలు కలిగింది. పాలపుంత పరిసరాల అంచున, దాదాపు 13 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న లియో-టీ వంటి అతిచిన్న గెలాక్సీలో కూడా వాయువు మిగిలి ఉందని గుర్తించడంలో జీఎంఆర్‌టీకి పాలుంది.

ఈ పద్ధతికి హద్దు ఉంది. పెద్ద గెలాక్సీకి దగ్గరగా తిరిగే మరుగుజ్జుల వాయువును ఆ గెలాక్సీ చుట్టూ ఉన్న వేడి వాయువు ఒరిసి లాగేస్తుంది. పాలపుంతకు సుమారు తొమ్మిది లక్షల కాంతి సంవత్సరాల లోపల తిరిగే మసక అనుచరుల్లో దాదాపు దేనిలోనూ హైడ్రోజన్ లేదు. రేడియో వాటిని చూడలేదు.

ఆంధ్రప్రదేశ్ నేల మీది నుంచి ఈ రంగానికి వెళ్లిన అసలైన పరికరం ఆస్ట్రోశాట్. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ30 దాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టింది. దానిలోని యూవీఐటీ అనే అతినీలలోహిత టెలిస్కోపు, 38 సెంటీమీటర్ల అద్దాలతో, అరడిగ్రీ మేర ఆకాశాన్ని ఒకటిన్నర ఆర్క్ సెకన్ల స్పష్టతతో చూపగలదు. అతినీలలోహిత కాంతి ఎక్కువగా, పుట్టి కొద్ది కోట్ల ఏళ్లే అయిన నక్షత్రాల నుంచి వస్తుంది. బెంగళూరులోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థకు చెందిన చయన్ మండల్, అన్నపూర్ణి సుబ్రమణియం, కోషీ జార్జ్ దీనితో స్థానిక సమూహపు డబ్ల్యూఎల్ఎం గెలాక్సీనీ, ఎం81 సమూహపు ఐసీ 2574నీ పరిశీలించారు. 1898లో కాడింగ్టన్ కనుగొన్న ఐసీ 2574లో పేలిన నక్షత్రాలు ఊదిన హైడ్రోజన్ బుడగలు చాలా ఉన్నాయి. బుడగలు విస్తరించడం వల్లే కొత్త నక్షత్రాలు పుడుతున్నాయా అన్నది వారి 2019 వ్యాసపు ప్రశ్న. కొన్నిచోట్ల అవుననీ, అన్నిచోట్లా కాదనీ తేలింది. వాయువు ఇంకిపోయిన మసక గోళాకార మరుగుజ్జులను వెతకడంలో ఈ కాంతి పనికిరాదు. వాటిలో కుర్ర నక్షత్రాలు లేవు.

గెలాక్సీయా, నక్షత్ర గుచ్ఛమా

కాంతి కొన్ని వందల సూర్యులకు పడిపోయినప్పుడు, అది గెలాక్సీయా కేవలం నక్షత్ర గుచ్ఛమా అన్న ప్రశ్న వస్తుంది. 1983లో మార్క్ ఆరన్‌సన్ డ్రాకో మరుగుజ్జులో కేవలం మూడు కార్బన్ నక్షత్రాల వేగాలను కొలిచి, అవి కనిపించే పదార్థపు గురుత్వానికి మించి అటూ ఇటూ కదులుతున్నాయని చూపాడు. మూడు నక్షత్రాలతో అంత మాట అనడం సాహసం. తరువాత వందల నక్షత్రాలు కొలిచినా ఆయన చెప్పిందే నిలిచింది. అప్పటి నుంచి కృష్ణ పదార్థం ఉందా లేదా అన్నదే గీటురాయి. 2012లో బెత్ విల్మన్, జే స్ట్రేడర్ దీన్నే నిర్వచనంగా పెట్టారు: కనిపించే పదార్థంతోనూ న్యూటన్ నియమాలతోనూ వివరించలేని నక్షత్ర సముదాయం గెలాక్సీ. నక్షత్రాల్లో ఇనుము వంటి మూలకాల పాళ్లు ఒకదానికొకటి తేడాగా ఉంటే, తరతరాలుగా నక్షత్రాలు పుట్టేంత బలమైన గురుత్వం అక్కడ ఉందని మరో ఆధారం.

2023 చివర బయటపడ్డ ఉర్సా మేజర్-3లో అరవై దాకా నక్షత్రాలే ఉన్నాయి. సూర్యుడికి పదహారు రెట్ల ద్రవ్యరాశి. అది కృష్ణ పదార్థంతో నిండిన అతిచిన్న గెలాక్సీయా, చెదిరిపోతున్న గుచ్ఛమా అన్నది వివాదంగానే ఉంది. ఇటువంటి వస్తువులను ఎం81 దూరంలో పట్టుకునే మార్గం ఇప్పటికి లేదు.

లెక్క ఎందుకు

1999లో క్లిపిన్ బృందం, మూర్ బృందం విడివిడిగా కంప్యూటర్ నమూనాలు నడిపి, చల్లని కృష్ణ పదార్థ సిద్ధాంతం సరైనదైతే పాలపుంత వంటి గెలాక్సీ చుట్టూ వందల చిన్న కృష్ణ పదార్థపు ముద్దలు ఉండాలన్నాయి. అప్పటికి తెలిసిన అనుచరులు డజను. ఆ తేడాలో కొంత కొత్త మరుగుజ్జులు దొరకడంతో తగ్గింది. మరికొంతకు, చిన్న ముద్దల్లో నక్షత్రాలే పుట్టలేదన్నది జవాబు. అయితే ఒక్క పాలపుంత ఉదాహరణతో సిద్ధాంతాన్ని తూచలేం. అది మామూలు గెలాక్సీయో కాదో మనకు తెలియదు. అందుకే పొరుగు సమూహాల లెక్క అవసరం. ఎం81లో చిబూకాస్ బృందం లెక్కలో మసకవైపు గెలాక్సీల సంఖ్య పెరిగే వాలు -1.27 వచ్చింది. నక్షత్రాలు లేని ముద్దలను కూడా కలిపిన సిద్ధాంతం కోరే వాలు -1.8 పాటిది. ఈ అంతరం ఎం81లోనూ కనిపించడం, సమస్య పాలపుంత ఒక్కదానిది కాదని చెబుతోంది.

మరో చిక్కు సెంటారస్-ఏ నుంచి వచ్చింది. 2018లో ఒలివర్ ముల్లర్ బృందం అక్కడి 16 అనుచరుల్లో 14 ఒకే పలుచని తలంలో, ఒకే దిశలో తిరుగుతున్నట్టున్నాయని చూపింది. పాలపుంత, ఆండ్రోమెడా అనుచరుల్లోనూ అలాంటి తలాలున్నాయి. ఎం81 గోళాకార మరుగుజ్జులు కూడా చదునుగా పరుచుకున్నట్టే ఉన్నాయి. నమూనాల్లో ఇది అరుదు.

అందరికీ తెరిచి ఉన్న చిత్రాలు

ఈ రంగంలో ఔత్సాహికులకు ఇప్పటికీ చోటుంది. ఇటలీకి చెందిన ఔత్సాహిక పరిశీలకుడు జుసెప్పె డొనాటియెల్లో తన చిన్న టెలిస్కోపుతో తీసిన చిత్రంలో ఆండ్రోమెడా దిశలో ఒక మరుగుజ్జును పట్టుకున్నాడు. దానికి డొనాటియెల్లో-1 అన్న పేరు నిలిచింది. తరువాతి మూడింటిని ఎన్‌జీసీ 253 చుట్టూ, డార్క్ ఎనర్జీ సర్వే బహిరంగంగా ఇచ్చిన చిత్రాలను తెరమీద ఓపికగా చూసి కనుగొన్నాడు. డెసీ అనే వర్ణపట సర్వే కోసం తీసిన లెగసీ సర్వే చిత్రాలను కూడా ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. రోలుగుంటలో ఇంటర్నెట్ ఉన్న డిగ్రీ విద్యార్థికి హార్వర్డ్ విద్యార్థికి ఉన్నంత ఆకాశమే అందుబాటులో ఉంది. మంచి అభ్యర్థి దొరికితే దూరం కొలవడానికి మాత్రం పెద్ద టెలిస్కోపు ఉన్నవారి సహాయం కావాలి.

పెద్ద టెలిస్కోపులతో పనిచేసే కొత్త తరంలో రాగదీపిక పుచ్చా ఒకరు. 2019లో ఆమె బృందం సుబారు కెమెరాతో స్థానిక సమూహపు ఐసీ 1613ను చూసి, దాని నక్షత్రాలు అంతవరకు తెలిసిన అంచు దాటి పరుచుకున్నాయని చూపింది. 2025లో ఆమె నేతృత్వంలోని బృందం డెసీ వర్ణపటాల్లో దాదాపు 1,15,000 మరుగుజ్జు గెలాక్సీలను పరిశీలించి, సుమారు 2,500 వాటిలో చురుకైన కృష్ణబిలం ఉన్న ఆనవాళ్లు చూపింది.

చిలీలో 8.4 మీటర్ల అద్దంతో, 3,200 మెగాపిక్సెళ్ల కెమెరాతో ఉన్న వేరా రూబిన్ వేధశాల 2025 జూన్‌లో తొలి చిత్రాలు విడుదల చేసింది. పదేళ్ల పాటు దక్షిణాకాశాన్ని మళ్లీ మళ్లీ ఫొటో తీయడం దాని పథకం. స్కల్ప్టర్, సెంటారస్-ఏ సమూహాల జాబితాలు దానితో ఎంతో పెరుగుతాయి. ఎం81 దానికి అందదు. ఆ ఉత్తరాకాశానికి హవాయి టెలిస్కోపులు, 2023లో ప్రయోగించిన యూక్లిడ్ అంతరిక్ష టెలిస్కోపు మిగిలాయి. రూబిన్ చూపబోయే అభ్యర్థుల సంఖ్య వేలల్లో ఉంటే, ఒక్కొక్కదానికి హబుల్ సమయం అడగడం కుదరని పని. అందుకే గెలాక్సీ చిత్రంలోని కాంతి ఎంత నలుసు నలుసుగా ఉందో కొలిచి దూరం అంచనా వేసే పద్ధతిని, 1988లో టోన్రీ, ష్నైడర్ ప్రతిపాదించినదాన్ని, మరుగుజ్జులకు అనువుగా మలుస్తున్నారు. స్కాట్ కార్ల్‌స్టెన్ బృందపు ఎల్వ్స్ సర్వే దాన్నే వాడి, సమీపంలోని పెద్ద గెలాక్సీల చుట్టూ ఉన్న అనుచరులను నేలమీది చిత్రాలతోనే వెనకటి గెలాక్సీల నుంచి వేరుచేసింది.